మూడు సెకన్లు

"సబ్బుపెట్టెలో పెట్టి అమ్మితే జనం సబ్బనుకుంటారు బాబాయ్," అన్నాడు అరుణ్ కుమార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

కోటేశ్వరరావు నొచ్చుకోలేదు. అది నిజంగానే సబ్బుపెట్టె. గులాబీరంగుది, సంతలో కొన్నది. లోపల పాత వాషింగ్ మెషిన్‌లోంచి పీకిన, గాలి ఒత్తిడికి పనిచేసే స్విచ్చి, ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు, వైర్‌లెస్ కాలింగ్ బెల్లులోంచి తీసిన రేడియో ముక్క ఇరుక్కుని కూర్చున్నాయి. పక్కనుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వస్తుంది. దాని చివర బీపీ మిషన్‌కుండే నల్ల రబ్బరు బంతి. మంచంలో ఉన్న మనిషి ఆ బంతిని నొక్కి పట్టుకుంటే రెండు వీధుల అవతల ఉన్నా రెండో పెట్టె మోగుతుంది. మాట పడిపోయి, ఒక చెయ్యి మాత్రం కాస్త ఆడే మనిషికి అంతకన్నా పెద్ద పరికరం అక్కర్లేదు. గురజాలలో టీవీలు, మిక్సీలు బాగుచేసుకునే కోటేశ్వరరావు దాన్ని భార్య ప్రేమలత కోసం చేశాడు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది.

ప్రేమలతకు కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చిన ఫిజియోథెరపీ ఆయన ఈ పెట్టె సంగతి నరసరావుపేటలో అరుణ్ కుమార్ చెవిన వేశాడు. పల్నాడు రోడ్డులో అరుణ్ కుమార్‌కి వీల్‌చైర్లు, వాకర్లు, నీళ్ళ పరుపులు అమ్మే దుకాణం ఉంది. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాడు. ఏ వస్తువు చూసినా అది షాపులో ఏ అరలో ఉంటే జనం చెయ్యి చాపుతారా అనే ముందు చూస్తాడు. ముందు వంద ముక్కలు చేయిద్దామని అతనే కబురంపాడు. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే జాహ్నవిని కూడా అతనే పిలిపించాడు. ఆ దుకాణంలోనే అట్టపెట్టెల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఆ అమ్మాయి ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుంది.

"సొంతానికి చేసుకున్నదాన్ని పదిమందికీ పనికొచ్చేట్టు చెయ్యాలంటే ప్రతిదానికీ ఎందుకు అని అడగాలంకుల్. విసుక్కోవద్దు," అంది.

"అడుగమ్మా. నన్ను అడిగేవాళ్ళెవరు!" అన్నాడు కోటేశ్వరరావు. సరదాకే అన్నాడు కానీ, అది నిజం.

గొట్టం ఇంత పొడవెందుకు, బ్యాటరీ ఇది ఎందుకు, ఎర్రలైటు ఎందుకు. అడిగినదానికల్లా అతని దగ్గర జవాబుంది. చివరికి ఆ అమ్మాయి బంతిని నొక్కి, మోగకపోతే మళ్ళీ నొక్కి, "ఈ మూడు సెకన్లు ఎందుకంకుల్? నొక్కగానే మోగొచ్చుగా?" అంది.

ఆ ప్రశ్న కోసమే అతను ఉదయం నుంచి కాచుకుని ఉన్నాడు.

"అక్కడే ఉందమ్మా కిటుకు! మొదట్లో నొక్కగానే మోగేది. ఫాల్గుణం వచ్చింది. మా ఇంటి పక్కనే కారం మిల్లు. ఊరందరూ ఏడాది కారం కొట్టించుకునే రోజులు గదా, వీధి వీధంతా దగ్గుడే. మా ఆవిడ దగ్గినప్పుడల్లా చెయ్యి బిగుసుకునేది, బంతి నొక్కుకుపోయేది, షాపులో గంట మోగేది. నేను సోల్డరింగ్ ఐరన్ పడేసి రోడ్డు దాటి ఉరికేవాణ్ణి. చూత్తే ఏమీ ఉండదు. రోజుకి ముప్ఫై సార్లు. జనం నన్ను చూసి నవ్వేవోళ్ళు. అప్పుడు దగ్గు ఎంతసేపు ఉంటదో బోర్డులో రాసుకునేట్టు పెట్టి చూశా. అర సెకను దాటదు. మనిషి కావాలని పిలిస్తే పట్టుకుంటది గదా, అందుకని మూడు సెకన్లు పట్టుకుంటేనే మోగేట్టు పెట్టా. ఉత్త మోతలన్నీ ఆగిపోయినయ్."

"అర సెకనే అయితే ఒక్క సెకను చాలేదిగా?"

"ఎందుకైనా మంచిదని," అన్నాడతను నవ్వుతూ.

అది అతని పనివాడితనం. పది వాట్లు చాలినచోట పాతిక వాట్లది వేస్తాడు. సన్న తీగ సరిపోయే చోట లావు తీగ లాగుతాడు. అతను బాగుచేసిన మిక్సీ మళ్ళీ రిపేరుకి రాదని గురజాలలో పేరు. జాహ్నవి నోట్‌బుక్‌లో 'దగ్గు, 3 సె.' అని రాసుకుంది.

అరుణ్ కుమార్ ఫోన్ తీశాడు. "ఇప్పుడన్నది మళ్ళీ ఒకసారి చెప్పు బాబాయ్, వీడియో తీత్తన్నా. ఊరికే మోగదు, అవసరమైతేనే మోగిద్ది అని. పిన్ని సంగతి కూడా చెప్పు."

కోటేశ్వరరావు చొక్కా సర్దుకున్నాడు. ఫోన్ వైపు చూసి, ఎనిమిది నెలలుగా పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పిన మాటే చెప్పాడు. "ఈ గంట వల్ల నాకు చానా మేలైంది. చివరి నెల అయితే మా ఆవిడ నన్ను అసలు ఇబ్బంది పెట్టనే లేదు. మనసు కుదుటపడిపోయింది ఆమెకి. ప్రశాంతంగా ఉండేది."

ఆ మాట అతనికి పెద్ద ఆసరా. ఇంట్లో ఒక్కడే కర్రీ పాయింట్ పొట్లం విప్పుకుని తినేటప్పుడు, మంచం తీసేసిన గదిలో అనవసరంగా లైటు వేసి ఆర్పేటప్పుడు, ఆ మాట తల్చుకుంటే రోజు గడిచేది. ఎంత కష్టపడితేనేం, చివరికి ఆమెకు లోటు లేకుండా చూసుకున్నాడు. అరుణ్ కుమార్ ఆ సాయంత్రానికే వీడియో అందరికీ పంపాడు. గురజాల తిరిగొస్తున్న బస్సు పిడుగురాళ్ళ దాటుతుండగా తన ఫోన్‌లో తన గొంతే వినిపించి కోటేశ్వరరావు సిగ్గుపడ్డాడు. పక్క సీటు ఆయనకు చూపిద్దామనుకున్నాడు. ఆయన నిద్రపోతున్నాడు.

*

మర్నాడు పెట్టె పరీక్షకు కోటేశ్వరరావును నాదెండ్ల తీసుకెళ్ళాడు అరుణ్ కుమార్. అక్కడ రామాయమ్మ అనే ఆవిడకు పక్షవాతం వచ్చి ఏడాది. నీళ్ళ పరుపు అతని దుకాణంలోనే కొన్నారు. కొడుకు లారీ మీద పోతాడు, వారానికోసారి వస్తాడు. చూసేదంతా కోడలు శ్యామల. ఆమె మూడిళ్ళ అవతల మిరపకాయల కళ్ళంలో తొడిమలు తీసే కూలికి పోతుంది, గంటకోసారి పరుగెత్తుకొచ్చి అత్తను చూసుకుని వెళుతుంది. వాళ్ళు వెళ్ళేసరికి అలాగే వచ్చి ఉంది. చీర మీద చొక్కా, తలకు గుడ్డ, ముక్కుకు గుడ్డ. గుడ్డ దులిపితే కోటేశ్వరరావుకు ముక్కు మండి తుమ్మొచ్చింది. లోపల రామాయమ్మ కూడా దగ్గింది.

"రా బాబాయ్, కూర్చో. ఇదేనా గంట?" అంది శ్యామల. "తొందరగా చూపియ్యి, మేస్త్రీ తిట్టుద్ది."

కోటేశ్వరరావు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇలాంటి మంచం పక్కన ఎలా కూర్చోవాలో అతని ఒంటికి తెలుసు. రామాయమ్మ ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, బంతి పెట్టి, మళ్ళీ మూశాడు. మణికట్టు కింద మడిచిన తువ్వాలు పెట్టాడు.

"అక్కా, నొక్కు. నొక్కి పట్టుకో. వదలబాక."

రామాయమ్మ నొక్కింది. పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. గుమ్మంలో శ్యామల చేతిలో ఉన్న రెండో పెట్టె మోగలేదు. లైటు ఆరిపోయింది.

"మళ్ళీ. ఒకటి, రెండు... అయ్యో, వదిలేశావ్."

ఆవిడ మళ్ళీ నొక్కింది. ఈసారి పెదవి ఒక పక్కకు లాక్కుపోయింది. మెడ నరం లేచింది. మూడు అనేలోపు వేళ్ళు జారిపోయాయి. అరుణ్ కుమార్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు, బాగా రాలేదని చెరిపి మళ్ళీ తీస్తున్నాడు.

"అలవాటయిద్దిలే," అన్నాడు కోటేశ్వరరావు. "మా ఆవిడకి కూడా రెండు రోజులు పట్టింది. తర్వాత తనే నేర్చుకుంది."

ఆరోసారికి మోగింది. శ్యామల నవ్వింది. అరుణ్ కుమార్ చప్పట్లు కొట్టాడు. రామాయమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని నోటితో గాలి పీలుస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది. కోటేశ్వరరావు ఆ చెమటను తువ్వాలు కొసతో తుడిచాడు. ఎందుకో ఏదో చేదు తగిలినట్టయింది. అది ఏమిటో ఆలోచించేలోపు అరుణ్ కుమార్ కారు హారన్ కొట్టాడు.

పెట్టెను అక్కడే వదిలి రావాలనుకున్నారు కానీ, కొత్త బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించడానికి పాతది కావాలని జాహ్నవి ఫోన్ చేసింది. మరో పెట్టె చేసి మూడు రోజుల్లో తెస్తామని శ్యామలకు చెప్పి, దాన్ని వెంట తీసుకెళ్ళారు.

*

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ ల్యాబ్‌లో వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు. ఫ్యాను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. తెల్లటి కొత్త డబ్బా, ఆకుపచ్చ కొత్త బోర్డు బల్ల మీద ఉన్నాయి. కోటేశ్వరరావు వాటిని చేతి రుమాలుతో పట్టుకుని చూశాడు. మూలలు ఎంత నున్నగా ఉన్నాయో! దాని మీద తన పేరు కూడా వేస్తానన్నాడు అరుణ్ కుమార్. బతికుంటే ప్రేమలత ఆ డబ్బా చూసి, నాకు సబ్బుపెట్టే ఇచ్చావుగదయ్యా అని కళ్ళతోనే ఎత్తిపొడిచేది.

జాహ్నవి పాత బోర్డును కంప్యూటర్‌కు తగిలించింది. "అంకుల్, మెమరీ నిండా ఏవో అంకెలున్నాయి. ఏంటివి?"

"ఏవీ, అంకెలా?" అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అదా! చెప్పాగా, దగ్గు ఎంతసేపు ఉంటదో కొలవటానికి పెట్టినవి. బంతి నొక్కినప్పుడల్లా ఎంతసేపు నొక్కారో రాసుకుంటది. సెకనుకి పది లెక్క, ముప్ఫై అయితే మోగిద్ది. అప్పుడు చూశాక మళ్ళీ తీసెయ్యటం మర్చిపోయా."

"అంటే ఇప్పటిదాకా రాస్తానే ఉందా?"

"చోటు చాలదుగా. వెయ్యి నిండినాక పాతవి చెరిపేసి వాటి మీద రాసుకుంటది. చివరి వెయ్యి ఉండాల."

"నిన్నటివి కూడా ఉన్నాయి, చూడండి," అని ఆ అమ్మాయి కిందికి లాగింది. అడుగున రామాయమ్మవి. పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై ఒకటి, పదహారు, ఇరవై అయిదు, ముప్ఫై ఒకటి. ముప్ఫై ఒకటే మోగింది. వాటికి ముందు జాహ్నవి దుకాణంలో నొక్కినవి. ఆ పైన ఉన్నవన్నీ ప్రేమలతవి.

జాహ్నవి పైకి లాగుతూ పోయింది. "ఈ మూడులూ నాలుగులూ దగ్గు. బాగానే తెలుస్తోంది, గుంపులుగా వస్తాయి. మరి ఇవేంటంకుల్? ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఇవి దగ్గు కాదుగా?"

కోటేశ్వరరావు తెర మీదికి వంగాడు. ఆ అమ్మాయి, అడిగేశాక అర్థమై, మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

అతను స్టూలు ముందుకు లాక్కుని కూర్చుని మొదటి నుంచీ చదివాడు. పైన మొదట్లో ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు, ముప్ఫై ఒకటి ఉన్నాయి. అవి మోగినవి. అవి మోగినప్పుడు అతను వెళ్ళాడు. ఆ తర్వాత ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్ఫై. మూడో ప్రయత్నానికి అందుకుందన్నమాట. ఆ తర్వాత ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై మూడు, పదిహేను. అంతే, ఆ కట్టలో ముప్ఫై లేదు. ఎంత గింజుకున్నా సెకనులో ఒక్క పదో వంతు తక్కువ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతవి ఇరవైల్లోకి, పదిహేనుల్లోకి దిగాయి. కానీ ఆగలేదు. అయిదేసి సార్లు, ఆరేసి సార్లు, ఒకచోట పదకొండు సార్లు. ఆమెవి చివరి మూడొందల్లో ముప్ఫై అన్న అంకె ఒక్కటంటే ఒక్కటి లేదు.

అదే ఆ చివరి నెల. ఆమె అతన్ని అసలు ఇబ్బంది పెట్టని నెల.

ఏది ఏ రోజుదో, ఏ వేళదో తెలియదు. బోర్డులో గడియారం చిప్ పెట్టలేదు, అది లేకపోయినా పని నడుస్తుందని. ఆ పదకొండు సార్లు నొక్కినప్పుడు తను షాపులో ఏం చేస్తున్నాడు? టీ తాగుతున్నాడా? ఎవరితోనో, ఈమధ్య మా ఆవిడ కుదుటపడిందండీ అని చెబుతున్నాడా? దాహమైందా ఆమెకు, పక్క తడిసిందా, ఊపిరాడలేదా? రోడ్డుకవతలే ఉన్నాడు. యాభై అడుగుల దూరం. దగ్గులకు భయపడి పెట్టిన మూడు సెకన్లను, మిల్లు సీజన్ అయిపోయాక వైశాఖంలో తగ్గించి ఉండొచ్చు. పది నిమిషాల పని. తగ్గించలేదు. గంట మోగకపోవడం హాయిగా ఉంది, అందుకే తగ్గించలేదు. ఆ సంగతి అతనికి అప్పుడూ తెలుసు. ఇప్పుడు అంకెల్లో కనబడుతోంది, అంతే తేడా.

"అంకుల్," అంది జాహ్నవి మెల్లగా. "చెయ్యి ఊరికే బిగుసుకున్నప్పుడు కూడా పడి ఉండొచ్చు. అన్నీ పిలిచినవే అని ఏముంది?"

మంచి పిల్ల. అతను తల ఊపాడు. ఊరికే బిగుసుకున్న చెయ్యి ఇరవై తొమ్మిది దాకా వచ్చి, వదిలి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఇరవై ఎనిమిది దాకా రాదని ఇద్దరికీ తెలుసు. నిన్న రామాయమ్మ మెడ మీద లేచిన నరం అతని కళ్ళముందుంది. నిన్న తగిలిన చేదు ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

చాలాసేపటికి జాహ్నవి, "కొత్త ప్రోగ్రాం పెట్టి చూడాలంటే ఇందులో మెమరీ ఖాళీ చెయ్యాలి. వేరే బోర్డు మీద చేస్తాలెండి," అంది.

"దాన్ని నాకియ్యమ్మా," అన్నాడతను.

సబ్బుపెట్టెను చొక్కా జేబులో పెట్టుకుంటే పట్టలేదు. చేతిలోనే పట్టుకుని బస్టాండుకు నడిచాడు. బస్సులో పక్కనెవరూ కూర్చోలేదు. గురజాల దిగాక, వంట మానేసి నెలలైన ఇంట్లో, మంచం ఉండే చోట చాపైనా వేసుకోకుండా నేల మీద కూర్చున్నాడు. ఎవరికైనా చెబుదామంటే ఎవరికి చెప్పాలో తోచలేదు. ఎనిమిది నెలలుగా ఊరందరికీ వేరే మాట చెప్పి ఉన్నాడు.

*

మర్నాడు ఉదయమే షాపు తీశాడు. బాగుచేయించుకోవడానికి వచ్చిన మిక్సీలను పక్కకు నెట్టి, కొత్త పెట్టె చెయ్యడానికి కూర్చున్నాడు. దగ్గును ఆపడానికి ముప్పావు సెకను చాలు. ఈసారి ఎందుకైనా మంచిదని ఒక్క పదో వంతు కూడా కలపలేదు. బంతి నొక్కి ముప్పావు సెకను దాటితే అవతల గంట మోగుతుంది, అక్కడే ఎర్రలైటు వెలిగి, ఆర్పేదాకా అలాగే ఉంటుంది. లైటు ఆర్పే బొత్తాం మాత్రం గంట ఉన్న పెట్టెకు పెట్టలేదు. మంచం దగ్గరున్న పెట్టెకు పెట్టాడు. ఆర్పాలంటే మంచం దాకా రావాలి. వచ్చినవాళ్ళు ఎలాగూ మనిషి మొహం చూస్తారు.

మూడుసార్లు కాలి వేలి మీద కరిగిన సోల్డర్ చుక్క పడింది. అతనికి ముప్ఫై ఏళ్ళలో అలా పడలేదు.

మధ్యాహ్నం అరుణ్ కుమార్‌కు ఫోన్ చేసి కొత్త పెట్టె సంగతి చెప్పాడు.

"బాబాయ్, తప్పుగా అనుకోబాక. ఒకటి చెప్తా విను," అన్నాడు అరుణ్ కుమార్. "దీన్ని కొనేది మంచంలో ఉన్న మనిషి కాదు. బయట ఉన్నోళ్ళు. పగలంతా పని చేసుకుని అలిసిపోయినోళ్ళు. గంట ఊరికే మోగదంటేనే వాళ్ళు కొంటారు. లైటు ఆర్పటానికి మంచం కాడికే పోవాలంటే, ఇది గంటా, మేస్త్రీనా అంటారు. వాపసు తెచ్చి నా మొహాన కొడతారు."

"నిజమే," అన్నాడు కోటేశ్వరరావు. అది నిజమని అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"మరింకేంది? వీడియో చూసి ఇప్పటికే పదిమంది అడిగారు. మూడు సెకన్లదే చేద్దాం."

"రేపు నాదెండ్లలో రెండూ పెట్టి చూద్దాం. ఆ అమ్మాయే చెప్పుద్ది ఏది కావాలో."

అరుణ్ కుమార్‌కి అది నచ్చింది. కొనేవాళ్ళనే అడగడం వ్యాపారంలో మంచి పద్ధతి. శ్యామల ఏం చెబుతుందో అతనికి తెలుసు. కోటేశ్వరరావుకు కూడా తెలుసు.

*

నాదెండ్లలో ఆ రోజు కళ్ళం పని ముమ్మరంగా ఉంది. వీధి మొదట్లోనే ఘాటు. అరుణ్ కుమార్ కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఉదయం మూడు గంటలసేపు కొత్త పెట్టె, తర్వాత మూడు గంటలు జాహ్నవి పాత ప్రోగ్రామే ఎక్కించి పంపిన తెల్ల డబ్బా, మూడు సెకన్లది. కోటేశ్వరరావు రామాయమ్మ మంచం దగ్గరికి పోకుండా అరుగు మీదే కూర్చున్నాడు. తను ఉంటే లెక్క తప్పుతుంది. శ్యామల కళ్ళంలో గంట పెట్టుకుని పని చేసుకోవాలి, అదీ ఏర్పాటు.

కొత్త పెట్టె పెట్టినంతసేపూ శ్యామల వీధిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎనిమిదిసార్లు వచ్చింది. మొదటిసారి నీళ్ళు. రెండోసారి దుప్పటి. మూడోసారి ఏమీ లేదు, మొహం మీద ఈగ. అయిదోసారి వచ్చినప్పుడు లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏంది అత్తా, ఊరికే పిలుత్తన్నావు? ఏం కావాల? ఏం వద్దా? మరి?" కాసేపు అత్త పక్కనే కూర్చుంది. తర్వాత బయటికొచ్చి, ముక్కుగుడ్డ కట్టుకుంటూ అరుగు మీద వాళ్ళ వంక చూడకుండా గబగబా వెళ్ళిపోయింది. ఎనిమిదోసారికి వెనకాలే మేస్త్రీ అరుపు కూడా వచ్చింది.

తెల్ల డబ్బా పెట్టిన మూడు గంటల్లో, గంట ఉందన్న ధీమాతో ఆమె ఒకసారే వచ్చింది. అది కూడా గంట మోగి కాదు, అన్నం పెట్టడానికి. లోపల ఎర్రలైటు ఎన్నిసార్లు వెలిగి ఆరిందో అరుగు మీద కూర్చున్న కోటేశ్వరరావుకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. మొదటిసారి లేవబోయాడు. అరుణ్ కుమార్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆపకపోతే ఆ రోజు లెక్క అంతటితో తప్పిపోయేది. వెలిగినప్పుడల్లా అతను మనసులో ఒకటి, రెండు అనుకున్నాడు. మూడు అనుకోవడానికి ఒక్కసారీ వీలు పడలేదు.

పొద్దు వాలాక శ్యామల వచ్చింది. కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో చతికిలబడి, గుడ్డతో మెడ తుడుచుకుంది.

"చెప్పమ్మా," అన్నాడు అరుణ్ కుమార్. "రెండూ చూశావు. నీ ఇంటికి ఏది కావాల? మొహమాటం లేకుండా చెప్పు."

"మొహమాటమేముంది! తెల్లదే," అంది శ్యామల. "నేను కూలికి పోకుండా గడవదు. ఎనిమిదిసార్లు లేత్తే రేపు నన్ను పనిలోకి రావద్దంటది మేస్త్రీ. ఈ మధ్యాహ్నం చూడండి, అత్త ఎంత నెమ్మదిగా ఉందో!"

అరుణ్ కుమార్ కోటేశ్వరరావు వైపు తిరిగి, నొప్పించకుండా నవ్వాడు. ఆ నవ్వులో విరోధం లేదు. పని పూర్తయిందన్న తృప్తి మాత్రం ఉంది. ఫోన్ తీసి ఎవరికో వందకి ఆర్డరు పెట్టమని చెప్పడానికి వేళ్ళు కదులుతున్నాయి.

శ్యామల గోడకు ఆనుకుని కోటేశ్వరరావు వంక చూసింది. "నువ్వేంది బాబాయ్, మాట్లాడవు? చేసినోడివి నువ్వు. మీ ఇంటావిడకి ఏది పెట్టావు?"

ఏదైనా చెప్పొచ్చు. అడిగింది కొత్త మనిషి, గురజాల నుంచి ఎవరూ వచ్చి కాదనరు. వీడియోలో చెప్పినట్టే చెప్పినా సరిపోతుంది. అరుణ్ కుమార్ కూడా ఫోన్ మీదనుంచి తలెత్తి, ఆ మాటే వస్తుందని చూస్తున్నాడు.

"మూడు సెకన్లదే," అన్నాడు కోటేశ్వరరావు.

"సరిపోయిందా మరి?"

అతను చేతుల వంక చూసుకున్నాడు.

"నాకు సరిపోయిందమ్మా," అన్నాడు.

శ్యామల అతని మొహం వంకే చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. లోపల గొట్టం పీకిన చప్పుడు, దుప్పటి సర్దిన చప్పుడు, రామాయమ్మ సన్నటి దగ్గు వినిపించాయి. తెల్ల డబ్బాను రెండు చేతులతో తెచ్చి అరుణ్ కుమార్ పక్కన అరుగు మీద పెట్టి, కోటేశ్వరరావు కొత్తగా చేసిన పెట్టెను తీసుకుని మళ్ళీ లోపలికి పోయింది.